కాప్పు కట్టిన చెయ్యి, కొండ మీది గది

పెళ్ళయిన కొత్తలో మా ఆవిడ కృష్ణవేణి నన్ను ఒకటే అడిగింది. ఒక్క రాత్రి కొండ మీద నిద్రపోవాలని. ఆమె పుట్టింది కోవిల్‌పట్టి దగ్గర నల్లరేగడి పల్లెలో. ఆ ఇంటి మిద్దె ఎక్కితే పడమటి దిక్కున కొండలు నీలంగా, పలచగా కనిపిస్తాయి. చిన్నప్పటి నుంచి వాటిని చూడటమే గానీ అక్కడ రాత్రి ఎలా ఉంటుందో తెలియదంది. అదెంత పని అన్నాను. నాది నెల్లూరు. అప్పట్లో మద్రాసులో ఒక తెలుగు దినపత్రికకు విలేకరిని. మొదటిసారి టిక్కెట్లు కొన్నాక ఉప ఎన్నిక వచ్చింది. రెండోసారి తుఫాను. మూడోసారి ఏమొచ్చిందో నాకు గుర్తులేదు. ఆమెకు గుర్తుంది, చెప్పదు.

నిరుడు ఉద్యోగం నుంచి దిగిపోయాను. ఈ ఏప్రిల్ చివర మా ముప్పయ్యో పెళ్ళిరోజు పడింది. కొడైకెనాల్‌కు ఇంకా పైన, అడవి అంచున ఉన్న ఖరీదైన విడిదిలో బుధ, గురువారాలు రెండు రాత్రులకు గది తీసుకున్నాను. డబ్బు ముందే కట్టేశాను. దారిలో మంగళవారం ఒక్కపూట ఆమె పుట్టింట్లో ఆగుదామనుకున్నాం. ఈసారి అడ్డం రావడానికి పత్రిక లేదు, ఎన్నిక లేదు. అడ్డం వచ్చింది నా చెయ్యి. అదెలాగో ఇప్పటికీ నాకు పూర్తిగా అర్థం కాలేదు. వరసలో రాస్తే మీకైనా అవుతుందేమో.

కోవిల్‌పట్టి

రైలు దిగేసరికి ఏడున్నర. ఎండ అప్పటికే పదింటి ఎండలా ఉంది. స్టేషను బయట నాలుగడుగులు వేస్తే చాలు, ఎటు చూసినా పల్లీ మిఠాయి అంగళ్ళే. మన దగ్గర పల్లీ పట్టీ అంటే పండక్కి నానమ్మలు చేసేది. ఇక్కడ అదే ఊరి పేరు, ఊరి బతుకు. బెల్లం పాకం ముదురు, పల్లీ చిన్నది, కొరికితే పళ్ళకు అంటుకోదు.

మేం మాట్లాడుకోవడం విని అంగడాయన తమిళం ఆపేశాడు.

"ఆంద్రావా? మేమూ ఇంట్లో తెలుగే మాట్లాడేది" అన్నాడు. నేను ధర అడిగాను. ఆయన జవాబు చెప్పకుండా నా వైపే చూసి, "ఇంగొక తూరి మాట్లాడండి సారు. మీది టీవీలో వచ్చే తెలుగు మాదిరి ఉండాది" అన్నాడు.

కృష్ణవేణి నవ్వి, "నాది?" అంది.

"మీది మా అవ్వ మాదిరి."

దానికి ఆమె మరో అరకిలో కొంది. రైల్లో నాతో నెల్లూరు తెలుగే మాట్లాడిన మనిషి, స్టేషను దాటగానే 'ఉండాది', 'పోవల్ల' అనడం మొదలుపెట్టింది. ఈ మార్పు ప్రతిసారీ జరిగేదే. ప్రతిసారీ పక్కన వేరే మనిషెవరో నడుస్తున్నట్టు నాకు కాస్త తికమకగా ఉంటుంది.

పోపు లేని పప్పు

మధ్యాహ్నం ఆమె పుట్టింట్లో భోజనంలో పప్పుకు పోపు లేదు. పులుసుకూ లేదు. కంబు అన్నం, అంటే మన సజ్జన్నం, మజ్జిగ, ఉప్పుమిరపకాయలు మాత్రం బ్రహ్మాండంగా ఉన్నాయి. ఉద్యోగంలో ఉండి ఉంటే పోపు ఎందుకు లేదని అడిగేవాణ్ణే. మామూలు మనిషిగా తిని లేచాను.

మా బావమరిది గురుసామి, కృష్ణవేణికి అన్న, తనే చెప్పాడు. ఆ సాయంత్రం అమ్మవారికి కాప్పు కడతారట. కాప్పు అంటే పసుపుకొమ్ము కట్టిన దారం. అది కట్టాక ఎనిమిది రోజులు జాతర. ఊళ్ళో మాంసం వండరు, తాళింపు చిటపటమనకూడదు. రెండు వీధుల మధ్య గొడవ వచ్చి ఏడేళ్ళుగా జాతర ఆగిపోయింది. ఈ ఏడు గురుసామే ఈ వీధికీ ఆ వీధికీ చెప్పులరిగేలా తిరిగి అందరినీ ఒప్పించాడు. మేం ఎప్పుడూ వేసవి సెలవులు ముదిరాకనో పెళ్ళిళ్ళకో వచ్చేవాళ్ళం కాబట్టి ఈ జాతర నేను చూడనే లేదు.

"ఉండిపోకూడదా మాప్పిళ్ళె?" అన్నాడు. అక్కడ అల్లుణ్ణి అలాగే పిలుస్తారు.

"గది తీసేసుకున్నాం బావా. పొద్దున్నే కారు వస్తుంది."

"సరి, పోయి రండి. మీరు వెలియూరు. మీకు కట్టుపాడు ఏమీ లేదు" అన్నాడు. వెలియూరంటే పైఊరని తెలుసు. ఆ కట్టుపాడు, అంటే కట్టుబాటు, ఏమిటని కూడా నేను అడగలేదు.

సాయంత్రం డప్పు మోగింది. కృష్ణవేణి తన మేనత్త రంగమ్మతో వంటింట్లో కబుర్లలో ఉంది. నేను ఒక్కణ్ణే గుడి దగ్గరికి నడిచాను. మగవాళ్ళు వరసలో నిలబడ్డారు. పూజారి ఒక్కొక్కరి చేతికి పచ్చటి దారం కడుతున్నాడు. ఆడవాళ్ళు నాలుక ఆడిస్తూ కులవ పెడుతుంటే ఒళ్ళు జలదరించింది. వరస కదులుతూ కదులుతూ నన్ను తనలో కలిపేసుకుంది. నా ముందతను చెయ్యి చాపాడు, నేనూ చాపాను. మా నెల్లూరులో ఏ గుడికి వెళ్ళినా చేతికి దారం కడతారు, నాలుగు స్నానాలకు ఊడిపోతుంది. పూజారి తలెత్తి నా మొహం చూశాడు. దక్షిణ కోసమేమో అని పది రూపాయలు పళ్ళెంలో వేశాను. ఆయన కట్టాడు. మూడు ముళ్ళు.

ఇంటికి రాగానే రంగమ్మ కళ్ళు నా మణికట్టు మీద పడ్డాయి.

"ఇదేమిది?"

"గుళ్ళో కట్టారు పెద్దమ్మా."

"వాళ్ళు కట్టినారా, మీరు కట్టించుకొన్నారా?"

తేడా ఏమిటో నాకు తెలియలేదు. ఆవిడ గోడకు చేరగిలబడి, "అయ్యో సామీ, వేణీ, నీ మొగుడు ఏం చేసుకొని వచ్చినాడో చూడు" అని కేకేసింది.

కృష్ణవేణి తడి చేతులతో వచ్చింది. దారం చూసింది, నన్ను చూసింది. తిరిగి లోపలికి పోయింది.

సంగతి అప్పుడు తెలిసింది. కాప్పు కట్టుకున్న మనిషి జాతర ముగిసి దారం విప్పేదాకా ఒక్క రాత్రి కూడా ఊరి పొలిమేర అవతల పడుకోకూడదు.

గురుసామి తల పట్టుకున్నాడు. "మాప్పిళ్ళె, వరసలో నిలుచుకొనేదానికి అది ఏమన్నా రేషను అంగడా?"

"విప్పేస్తే?"

"విప్పేదా!" రంగమ్మ చెవులు మూసుకుంది.

"నేను మీ ఊరివాణ్ణి కాను కదా. పైఊరివాడికి కట్టినా చెల్లదేమో?"

దీని మీద పెద్ద చర్చ నడిచింది. అల్లుడు ఊరివాడు కాడని గురుసామి, దారం కట్టుకున్న నిమిషం నుంచి ఊరివాడేనని రంగమ్మ. ఇచ్చేసిన కూతురికి కట్టుపాడు లేదు గానీ తీసుకున్న అల్లుడికి ఉందా అని ఎదురింటాయన ఒక ప్రశ్న వేసి వెళ్ళిపోయాడు. చివరికి పూజారినే పిలిపించారు. ఆయన ముఖం నాకన్నా చిన్నబోయి ఉంది.

"నేను చూస్తిని సామీ. గురుసామి మాప్పిళ్ళె గదా, తెలిసే చాపుతుండాడు అనుకొంటిని. ఊరి మింద ఇంత పిరియమా అని సంతోసపడితిని" అన్నాడు. కాసేపు ఆలోచించి తీర్పు చెప్పాడు. "పగలు ఎక్కడికి పోతే అమ్మకు ఏమి? రాత్రికి వచ్చి ఊళ్ళో పండుకోవల్ల. అంతే."

ముప్పయ్యేళ్ళ అలవాటు కొద్దీ గురుసామిని పక్కకు పిలిచి అడిగాను. "బావా, నిజంగా చెప్పు. దాటితే ఏదో అవుతుందని నువ్వు నమ్ముతావా?"

"నమ్మేది నమ్మనిది వేరే మాట మాప్పిళ్ళె. ఏడేండ్లకు రెండు వీదులూ ఒకటిగా నిలుచుకొని కట్టిన కాప్పు. రేపే నా ఇంటి అల్లుడు దాటినాడంటే ఆ వీదివాళ్ళ మొగం నేను ఎట్ల చూసేది?"

విడిదికి ఫోన్ చేశాను. తేదీ మార్చడం కుదరదు, జూన్ దాకా గదులు లేవు అన్నారు. కృష్ణవేణి దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. నాలుగోసారి. కొండ మీది రాత్రి మళ్ళీ తప్పిపోయింది.

"పొద్దున్నే పోదాం. కొండ చూసి వద్దాం" అంది మామూలుగా.

"నీకు ఫరవాలేదా?"

"పెట్టె సర్దాల" అని లేచింది. సాయంత్రానికి తిరిగొచ్చే ప్రయాణానికి పెట్టె ఎందుకని అడగవలసింది. ఆ రోజు నేను అడగనివన్నీ ఒక జాబితా రాస్తే అదే ఒక వార్త అవుతుంది.

విరుదునగర్‌లో ఇడ్లీ

కారు నడిపిన జెబరాజ్‌ది తాయిల్‌పట్టి. భార్య బాణసంచా ఫ్యాక్టరీలో పని చేస్తుంది. ఇంట్లో తెలుగు, చర్చిలో తమిళం. చీకటి విడకముందే బయలుదేరాం. నా చెయ్యి సంగతి అతనికి గురుసామి ముందే చెప్పినట్టున్నాడు. సాత్తూరు దాటేదాకా నవ్వు ఆపుకొని, ఆ తర్వాత ఆపుకోలేకపోయాడు.

"సారు, పెండ్లినాడు ఒక దారం మీరు కట్టిరి. ముప్పై ఏండ్లకు మీకు ఒకటి కట్టినారు. సరిపోయింది."

వెనక సీట్లోంచి కృష్ణవేణి పెద్దగా నవ్వింది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ నవ్వు నా పక్షమో కాదో మాత్రం తెలియలేదు.

విరుదునగర్‌లో ఆగాం. నూనెలో ముంచి వేయించే పరోటా కోసం చాలా దూరాల నుంచి ఇక్కడికి వస్తారు. అది పొద్దుటి పూట దొరకదట. ఇడ్లీ తిన్నాం. పక్క వీధిలో మిరప బస్తాలు దించుతున్నారు. ఆ ఘాటుకు మేం తుమ్ముతుంటే హోటలతను మమ్మల్ని చూసి, ఊరికి కొత్త అని తేల్చేశాడు. రెండు ఇడ్లీలకు నాలుగు రకాల చట్నీ వేశారు. వాటిలో ఒకదానికి పోపు ఉంది. తినవచ్చా అని జెబరాజ్‌ను అడిగాను.

"నన్ను అడుగుతారే సారు, నేను వేదం మనిషిని" అన్నాడు. అక్కడ వేదం అంటే బైబిలు. మళ్ళీ తనే అందుకున్నాడు. "అయినా చెప్తాను. మా అయ్య ఆదివారం తప్పకుండా గుడికి, అదే చర్చికి పోతాడు. కాప్పు వారంలో మాత్రం వెలియూరులో పండుకోడు."

"ఎందుకు?"

"పక్కింటాయన పండుకోడు గదా."

ఇది విన్నాక నా తికమక ఇంకో మెట్టు ఎక్కింది. పోపు చట్నీ పక్కన పెట్టాను.

కొండ మీద మూడు గంటలు

వత్తలగుండు దాటాక మలుపులు మొదలయ్యాయి. ఎనిమిదో మలుపు దగ్గర విరుదునగర్ ఇడ్లీలను రోడ్డు పక్కన వదిలేశాను. కృష్ణవేణి నీళ్ళు పోసింది, వీపు నిమిరింది. కారెక్కగానే మళ్ళీ అద్దం దించి చెయ్యి బయట పెట్టింది. అరచెయ్యి ఆనించి చలి ఎంతుందో చూస్తున్నట్టు దారంతా అలాగే ఉంచింది.

పదకొండుకు చేరాం. విడిది గురించి చదివినవన్నీ నిజమే. గదికి ఒక గోడ మొత్తం అద్దమే. అవతల లోయ. మంచం మీద తువ్వాళ్ళతో చేసిన రెండు హంసలు ముక్కూ ముక్కూ ఆనించుకుని ఉన్నాయి. దిండ్లకు ఒక పట్టిక ఇచ్చారు, తొమ్మిది రకాలు, ఏది కావాలో గుర్తు పెట్టాలట. మా ఇంట్లో దిండంటే ఒకటే రకం, దూది ఒక మూలకు చేరిపోయేది. టీ కప్పు రెండు వందల అరవై. ఆ టీ గొప్పగా ఏమీ లేదు.

దంపతులు నింపవలసిన కాగితం ఒకటి ఇచ్చారు. ముందు ఎవరు ప్రేమలో పడ్డారు, అలిగితే ముందు మాట్లాడేదెవరు, ఇలాంటివి. మా పెళ్ళి మా ఎడిటర్ కుదిర్చిన సంబంధం. మొదటి ప్రశ్న దగ్గర నేను ఎడిటర్ పేరు రాస్తానంటే కృష్ణవేణి కలం లాక్కుంది.

ఆ రోజు సాయంత్రానికే కేకు ఏర్పాటు చేశారని కౌంటరులో ఉన్న అమ్మాయి చెప్పింది. సాయంత్రానికి మేం ఉండమని, చెయ్యి చూపించి, సిగ్గుపడుతూ కారణం చెప్పాను. నా తమిళం సరిపోక సగం సైగలతో చెప్పాను. ఆ అమ్మాయి తేని జిల్లా పిల్ల. మొహంలో ఒక్క గీత కూడా కదలకుండా, "మా ఊళ్ళోనూ అంతే సార్. కేకు ఇప్పుడే తెప్పిస్తాను" అంది. ఇంగ్లీషు యాసతో, మెడలో కండువాతో ఉన్న ఆ పిల్లకు అర్థమైంది నాకెందుకు కాలేదో!

అర్థం కాని వాళ్ళు ఇద్దరే దొరికారు. హైదరాబాదు నుంచి వచ్చిన కొత్త జంట. కేకు ముక్క తింటూ ఆ కుర్రాడు, "అంకుల్, దారం విప్పి జేబులో పెట్టుకుని, పోయేముందు మళ్ళీ కట్టుకుంటే అయిపోయె కదా" అన్నాడు. అతన్ని వాటేసుకోవాలనిపించింది. కృష్ణవేణి వైపు చూశాను.

"విప్పండి" అంది.

ముడి మీద వేలు పెట్టాను. గురుసామి చెప్పులు గుర్తొచ్చాయి. పూజారి సంతోషపడిన ముఖం గుర్తొచ్చింది. నమ్మకం లేని మనిషిని, ముడి విప్పలేకపోయాను. ఆమె నన్ను చూసి చిన్నగా తలూపింది. మెచ్చుకోలో, జాలో.

ఆ తర్వాత ఇద్దరం వరండాలో కూర్చున్నాం. మంచు ఒకసారి వచ్చి లోయను తుడిచేసి పోయింది. మళ్ళీ తేటపడ్డాక ఆమె దూరంగా కింద, బూడిదరంగు మైదానం వైపు చూపించింది.

"మా ఊరు ఎక్కడ ఉంటుంది?"

వేలుతో ఏదో చోటు చూపించాను. తప్పే అయి ఉంటుంది.

రెండయింది. జెబరాజ్ కింద హారన్ కొట్టాడు. నేను పెట్టె అందుకున్నాను. తేలిగ్గా ఉంది.

"అది ఉండనీండి" అంది.

"వెళ్ళాలి కదా."

"మీరు పోవల్ల. కాప్పు నా చేతికా కట్టినారు?"

పెట్టె తెరిచి చూశాను. అన్నీ ఆమె బట్టలే. రాత్రి ఆ ఇంట్లో మేమంతా తీర్పుల కోసం కొట్టుకున్నాక, ఆమె వేరే గదిలో తీర్పు మడతపెట్టి పెట్టెలో పెట్టుకుంది.

"ఒక్కదానివే ఎలా ఉంటావు? రేపు పెళ్ళిరోజు!"

"ఇద్దరికని తీసిన గది ఒకరికి సరిపోదా?" అంది. నేను ఆమె ముఖంలో ఏదో వెతుకుతుంటే, "కోపం కోసం చూడబాకండి. లేదు. మీరు ఇక్కడ ఉండిపోతే అన్నకు తలవంపు. నేను దిగి వస్తే ఇంకెప్పుడూ ఎక్కను. పోయి రండి, మలుపుల్లో కళ్ళు మూసుకోండి."

మెట్లు దిగుతూ వెనక్కి చూశాను. నన్ను సాగనంపడానికి రాలేదు. తొమ్మిది దిండ్ల పట్టిక చేతిలో పెట్టుకుని చదువుతోంది.

మళ్ళీ కిందికి

విరుదునగర్‌కు సాయంత్రం చేరాం. పరోటాలు నూనెలో కరకరలాడుతున్నాయి. జెబరాజ్ మాంసం పులుసుతో నాలుగు తిన్నాడు. నేను పంచదారతో రెండు తిన్నాను. "కష్టమే సారు" అన్నాడు అతను, దేనికో చెప్పలేదు.

ఆ రాత్రి భార్య పుట్టింట్లో, భార్య లేకుండా, ఊరి పొలిమేర లోపల పడుకున్నాను. మర్నాడు పెళ్ళిరోజు. రంగమ్మ పాయసం వండి నా ముందు పెట్టి, "పిల్ల అక్కడ ఏం తింటుండాదో" అంది. ఊరంతటికీ సంగతి తెలిసిపోయింది. దారిన పోయేవాళ్ళు అరుగు దగ్గర ఆగి నా చెయ్యి చూసి వెళ్ళారు. ఎదురు వీధి పెద్దాయన ఒకరు ఇంట్లోకే వచ్చారు. ఏడేళ్ళలో ఆ గడప తొక్కడం అదే మొదటిసారట. "పెండ్లామును మలై మింద విడిచిపెట్టి వచ్చినాడంట గదా" అని గురుసామితో అని, కాఫీ తాగి, నాతో ఒక్క మాటా మాట్లాడకుండా వెళ్ళారు. గురుసామి ముఖం చాటంత అయింది. అది పొగడ్తో వేళాకోళమో నేను అడిగితే, "రెండూ మాప్పిళ్ళె" అన్నాడు.

కృష్ణవేణికి ఎనిమిదిసార్లు ఫోన్ చేశాను. కొండ మీద సిగ్నల్ లేదు. సిగ్నల్ లేదనే అనుకున్నాను.

శుక్రవారం మధ్యాహ్నం విరుదునగర్ బస్సు స్టాండుకు వెళ్ళాను. విడిదివాళ్ళ జీపు మదురై దాకా తెస్తుందని, అక్కడి నుంచి బస్సులో వస్తానని పొద్దున జెబరాజ్‌కు కబురు పెట్టింది. నాకు కాదు, జెబరాజ్‌కు. స్టాండులో తారు మెత్తబడి చెప్పులకు అంటుకుంటోంది. మదురై బస్సులు మూడు వచ్చాయి, పోయాయి. నాలుగో దాంట్లోంచి పెట్టె ముందు దిగింది, ఆ తర్వాత ఆమె.

ఒంటి మీద ఎర్ర ఉన్ని స్వెట్టరు. నేనెప్పుడూ చూడనిది. మెడ దాకా బొత్తాలు పెట్టుకుని ఉంది.

అడగాలనుకున్నవి చాలా ఉన్నాయి. "ఎలా ఉంది?" అని మాత్రం వచ్చింది.

"పొద్దున్న రెండు కప్పుల టీ తెచ్చిరి. మీదీ నేనే తాగితిని."

"భయం వెయ్యలేదా?"

"మొదటి రాత్రి వేసింది. రెండో రాత్రి దీపాలు ఆర్పేసి అద్దం దగ్గర కూర్చుంటిని. కింద ఊళ్ళు దీపాలుగా ఉండినాయి. ఎన్ని ఊళ్ళో!" అంది. పెట్టె నా చేతికిచ్చింది. ఇంకేమీ నేను అడగలేదు. ఈసారి మరిచిపోయి కాదు.

చుట్టూ జనం చొక్కా గుండీలు విప్పుకుని విసురుకుంటున్నారు. నిమ్మసోడా బండి దగ్గర తోపులాట. ఆమె నుదుటి మీద చెమట గీతలు కట్టి స్వెట్టరు మెడలోకి దిగుతోంది.

"వేణీ, ఉక్కగా లేదా? తీసెయ్యి."

"ఉక్కగానే ఉండాది" అంది, కోవిల్‌పట్టి బస్సు కోసం చూస్తూ. "ఇంగ కొంచేపు ఉండనీండి."